నడిగదికి గాలి

2022లో, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. బరంపురం పాత వీధిలో అప్పడాలు చేసి అమ్మే నరసమ్మ, తను అద్దెకుంటున్న ఇంట్లో గోడ కట్టాలని నన్ను పిలిచింది. నేను తాపీ మేస్త్రీని. ఏడో తరగతితో బడి ఆగినా, ఊరి గ్రంథాలయంలో వైద్యం పుస్తకాల అల్మారా కింది అర నుంచి పై అర దాకా చదివినవాణ్ణి.

ఆ వీధిలో ఇళ్ళు రైలుపెట్టెల్లా అతుక్కుని ఉంటాయి. పక్కలు రెండూ కామన్ వాల్, అంటే రెండిళ్ళకీ ఉమ్మడి గోడ. కిటికీకి వీలుండదు. అలాంటి నడిగదిలో నరసమ్మ కోడలు గౌరి టీబీతో మంచం పట్టి ఉంది. మందులు వాడుతోంది. ముందుగదిలోకి తెరిచి ఉన్న ఆ గదిని ఇటుకలతో మూసి, చిన్న తలుపు పెట్టమంది నరసమ్మ. దగ్గు వినిపిస్తే అప్పడాలు ఎవరూ కొనరని ఆమె భయం. ఇల్లు గడిచేది వాటితోనే.

"గోడ కట్టీసినాక నానేటి పీల్చాలి అన్నయ్యా?" అంది గౌరి లోపలి నుంచి.

నరసమ్మ తల తిప్పుకుంది. "నాకు మాత్రం సరదా ఏటి బాబూ? బేరం పోతే దీనికి గుడ్డు ఎక్కడ్నించి తెత్తాను?"

గాలి ఆడని గదిలో టీబీ ఇంట్లోవాళ్ళకి సులువుగా అంటుతుందని చదివాను. అదే చెప్పి, గోడ కట్టాలంటే పైన వెంటిలేటర్ కూడా ఉండాలన్నాను. అంటే పెంకులు లేపి గాలి కోసం వదిలే సందు, దాని పక్కన గాజు పెంకులు. జబ్బు సంగతి చెప్పకుండా, కప్పు కారుతోందని నరసమ్మ ఇంటి యజమానిని ఒప్పించింది. గోడా, సందూ పూర్తయ్యాక మంచం మీద ఎండ పడింది. గౌరి అందులో చెయ్యి పెట్టి చూసుకుంది. నా చదువు పనికొచ్చిందని గర్వపడ్డాను.

యజమాని వచ్చి చూసి, గది బాగుందన్నాడు. మరుసటి నెల అద్దె పెంచాడు.

అది కట్టలేక నరసమ్మవాళ్ళు ఖాళీ చేసి, ఊరి చివర హల్దియాపదర్‌లో ఒక రేకుల గదికి మారారు. పలకరించడానికి వెళ్ళి, అలవాటుగా గోడల వంక చూశాను. కిటికీ లేదు. గౌరి నవ్వింది.

"ఈపాలి కన్నం ఎట్టకన్నయ్యా. ఇక్కణ్ణించి ఎల్లడానికి ఇంక సోటు నేదు."

మందులు పూర్తిచేసి గౌరి తేరుకుంది. ఆ గదిలోనే నరసమ్మకు దగ్గు పట్టుకుంది. పరీక్ష చేస్తే అదే జబ్బు.

గాలి గురించి నేను చదివినదేదీ తప్పు కాదు. వెలుతురొచ్చిన గదికి అద్దె పెరుగుతుందని మాత్రం ఆ పుస్తకాల్లో లేదు. ఇప్పుడు అద్దెకున్నవాళ్ళు వెంటిలేటర్ పెట్టమంటే, ముందు వాళ్ళతో కలిసి యజమాని దగ్గరికి వెళ్తాను. అద్దె పెంచనని మాట ఇచ్చాకే నిచ్చెన వేస్తాను. అందరూ ఇవ్వరు.