అక్క దుంప

బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చే బొగ్గుల వాసనకి జాలరిపేటలో మా పొయ్యి గుర్తొస్తుంది. చేపల పులుసు దించాక అమ్మ వేడి బూడిదలో రెండు బంగాళాదుంపలు కప్పేది. అక్కది వెన్నలా మెత్తబడేది, నాది రాయిలా ఉండేది. అమ్మ దానికే మంచి చోటు ఇస్తోందని కుళ్లుకునేదాన్ని.

ఒకరోజు, "ఈపాలి నాది అక్క చోట పెట్టు," అని పేచీ పెట్టాను. అమ్మ నవ్వి పెట్టింది. అయినా నాది ఉడకలేదు. ఏడ్చాను.

"ఉడికిందా, ఉడికిందా అని పుల్లతో తవ్వేత్తంటే ఏటి ఉడుకుతాదే? మీ అక్క దాని జోలికెళ్తాదేటి?" అంది అమ్మ.

అక్క తన దుంపలో సగం నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నా దుంపలూ మెత్తగానే వస్తాయి. అక్క ఓపిక చూస్తే మాత్రం ఇంకా కుళ్లే.