ఒంటి తుమ్ము

చౌడమ్మకు తుమ్ము వచ్చిందంటే ఒకటితో పోయేది కాదు. ముక్కు ఎర్రబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా వరసగా వస్తూనే ఉండేవి. ఆమె పని పట్టు పడుగు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, వేళ్ళకు బూడిద అద్దుకుని, కొత్త పోగుల్ని ఒక్కొక్కటే పాత పోగులకు మెలిపెట్టి కలపాలి. ఆ బూడిద, పట్టు నూగు, కరువు గాలి తెచ్చే ఎర్రదుమ్ము, మూడూ ఆమె ముక్కునే వెతుక్కుంటూ వచ్చేవి. ధర్మవరం దగ్గరి ఆ నేతపల్లెలో పిల్లలు కూడా "తుమ్ముల చౌడమ్మ" అనేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది.

నవ్వనివాడు ఆమె బావ మద్దిలేటి. భర్త వెంకటేశులుకు అన్న, ఇంటికి పెద్ద, ఇంట్లోని మగ్గాలన్నిటికీ యజమాని. శకునం చూడకుండా గడప దాటడు. రెండు తుమ్ములు వినబడితే మేలు, ఒక్కటే అయితే కీడు. ఒంటి తుమ్ము పడితే ఎవరైనా సరే వెనక్కి వచ్చి కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, చెడు గడియ పోయాకే లేవాలి. ఆ ఇంట్లో అది చట్టం.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో ఒక పొద్దున రాప్తాడు నుంచి మనిషి వచ్చాడు. చౌడమ్మ తల్లికి మాట పడిపోయిందనీ, కూతురి కోసం వాకిలి దిక్కే చూస్తోందనీ చెప్పాడు. చౌడమ్మ ఒక చీర సంచిలో కుక్కుకుని గడప దాటింది. దాటగానే తుమ్మింది.

ఒక్కటే.

రెండోదాని కోసం నోరు తెరుచుకుని సూర్యుడికి ఎదురుగా నిలబడింది. ముక్కు నలుపుకుంది. "దినామూ పిలవకుండా వచ్చేటివి, ఆ పొద్దు బతిమాలినా రాల్యా" అని ఏళ్ళ తర్వాత నాతో చెప్పేటప్పుడు కూడా ఆమె మొహం పైకెత్తే ఉంది.

"ఆగు" అన్నాడు మద్దిలేటి అరుగు మీది నుంచి. "ఒంటి తుమ్ము. లోపలికి పోయి కూచ్చో."

"బావా, బస్సు పోతాది. మా యమ్మ..."

"మీ యమ్మ మంచికే చెప్తాండా. సావుబతుకుల్లో ఉండే మనిషికాడికి కీడు మోసుకోని పోతావా?"

"దినామూ తుమ్మేదే గదన్నా, దానికి శకునమేముండాది" అన్నాడు వెంకటేశులు, సగం గొంతుతో.

"నీ పెండ్లాం ముక్కుకు నువ్వు వకాల్తానా? పో, పని చూసుకో."

బస్సు పోయింది. ఆ వెంటనే రాహుకాలం అన్నాడు మద్దిలేటి. సాయంత్రం బస్సు రానేలేదు. మర్నాడు చౌడమ్మ రాప్తాడు చేరేసరికి తల్లిని మట్టిలో పెట్టేశారు. గుంత మీద మట్టి ఇంకా తడిగా ఉంది.

తిరిగొచ్చాక ఆమె ఏడవలేదు, పోట్లాడలేదు. ఈ ముక్కు తన మాట వినేదాకా నిద్రపోకూడదని మాత్రం అనుకుంది. విన్న రోజున దాంతోనే బావను ఇదే గడపలో కూర్చోబెట్టాలి.

ఆ మరుసటి ఏడు ఊరి ఆడవాళ్ళతో లేపాక్షి పోయింది. అక్కడ తెల్లవారుజామున, గుడి బయట బండ మీద, చిలమత్తూరు వైపు నుంచి వచ్చిన మారెక్క అనే ముసలామె తల పక్కకు వంచి, కొమ్ముచెంబు కొమ్మును ముక్కులో పెట్టుకుంది. ఒక ముక్కులో పోసిన నీళ్ళు రెండోదానిలోంచి ధారగా పడుతున్నాయి. చౌడమ్మ ఉలిక్కిపడింది.

"ఏందవ్వా, మెదడు కడుగుతాండావా?"

"మెదడుంటే కదమ్మా కడిగేదానికి" అని నవ్వింది మారెక్క. "జలుబూ తుమ్ములూ పోతాయి. నీళ్ళు కాంచి, గోరువెచ్చగా చల్లార్చి, కన్నీళ్ళెంత ఉప్పగా ఉంటాయో అంత ఉప్పెయ్. పోసేటప్పుడు నోటితో గాలి పీల్చు. మింగొద్దు."

చౌడమ్మ ఇంటికొచ్చి తప్పు చేసింది. ఆ పల్లె బావి నీళ్ళు తాగడానికే ఉప్పగా ఉంటాయి. ఇంక వేరే ఉప్పెందుకని కాచకుండా, ఉప్పు కలపకుండా పోసుకుంది. నడినెత్తిలో నిప్పు పెట్టినట్టయింది. రెండు రోజులు తల కట్టుకుని తిరిగింది. ఆ తర్వాత మారెక్క చెప్పింది చెప్పినట్టే చేసింది. పెరట్లో, రంగు తొట్టి వెనక, రోజూ పొద్దున్నే. రాగిజావలా చిక్కటి చీమిడి పోయింది, కొన్ని నెలలకు పలచబడింది, ఆపైన మంచి నీళ్ళే వచ్చాయి. తుమ్ములు తగ్గి తగ్గి ఆగిపోయాయి. తన మొక్కు వల్లే మరదలికి నయమైందని మద్దిలేటి ఊరంతా చెప్పుకున్నాడు. ఆమె చెప్పుకోనిచ్చింది.

శుభ్రమైన ముక్కులో పట్టుపోగు కొస ఆడిస్తే ఒకే ఒక్క తుమ్ము వస్తుందని కూడా ఆ పెరట్లోనే కనిపెట్టింది. మద్దిలేటి సంతకు పోయినా, పెళ్ళికి పోయినా ఆమె ఆ పోగు తియ్యలేదు.

"అంత చిన్నదానికి తుమ్మల్నా?" అంది నాతో.

ఎనభై ఒకటిలో నేతగాళ్ళ సంఘానికి ఎన్నికలొచ్చాయి. ప్రెసిడెంటు కావాలన్నది మద్దిలేటి జీవితమంతా కన్న కల. నామినేషన్‌కు ఆఖరు రోజు, మధ్యాహ్నం ఒంటిగంట గడువు. ముహూర్తం కోసమే అంతదాకా ఆగాడు. వాకిట్లో జీపు, చుట్టూ మనుషులు, భుజాన కొత్త కండువా. గడప మీద కాలు పెట్టాడు.

చౌడమ్మ తుమ్మింది.

మద్దిలేటి వెనక్కి వచ్చి కూర్చుని నీళ్ళు తాగాడు. కాసేపాగి లేచాడు. చౌడమ్మ మళ్ళీ తుమ్మింది.

"రెండైనాయిలే, మేలే" అన్నాడు అతని వెంట తిరిగే ఓబుళేసు.

"రెండింటి నడాన నీళ్ళు తాగె కదప్పా" అంది చౌడమ్మ. "లెక్క మళ్ళీ మొదుటికొచ్చె."

ఎవరో కిసుక్కుమన్నారు. మద్దిలేటి కళ్ళు ఆమె కొంగు చాటునున్న పోగు మీద పడ్డాయి.

"కావాలనే తుమ్ముతాండావు! నాతో ఏం పగ ఉండాదే నీకు?"

అతనికి నిజంగానే గుర్తు లేదు. చౌడమ్మ అతని ముందుకొచ్చింది.

"మా యమ్మ సస్తాంటే ఒంటి తుమ్మని ఈడనే కూర్చోబెట్టినావే బావా, ఆ పగ. నీకు అడ్డం ఎవురూ ల్యారు, పో. జీపు ఉండాది. ఈ తుమ్మును దాటుకోని పో. పోయేముందు, తుమ్ములో ఏమీ ల్యాదు, ఆ పొద్దు నిన్ను ఉత్తపుణ్యానికి నిలబెట్టినా అని ఇంతమంది ముందర చెప్పి పో."

"చెప్పేసి పోదాం రాన్నా, టైము అయితాంది" అన్నాడు ఓబుళేసు.

వెంకటేశులు ఈసారి మగ్గం గుంతలోంచి లేచొచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు.

మద్దిలేటి జీపు దిక్కు చూశాడు. ఆ గడపలోనే కూర్చున్నాడు. జీపు డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు, ఆపైన ఇంజను ఆపేశాడు. మనుషులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒంటిగంట దాటింది. అవతలి మనిషికి పోటీయే లేకుండా పోయింది.

అందరూ పోయాక మద్దిలేటి తల ఎత్తకుండా అడిగాడు.

"మీ యమ్మ పేరేంది?"

"నీ నోట్లో పడేదానికి ల్యాదు బావా ఆ పేరు" అని చౌడమ్మ లోపలికి పోయి, బూడిద అద్దుకుని, పోగు అందుకుంది.