నాలుగు బ్రౌజర్ల గిరిధర్ బావ

మా గిరిధర్ బావ ఏ వెబ్ పేజీనీ ఒక్క బ్రౌజర్‌లో చూసి నమ్మిన మనిషి కాదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, ఒపెరా నాలుగూ తెరవాలి, నాలుగింటిలోనూ ఒకటే కనిపించాలి. గద్వాల కోట పక్క సందులో ఆయనకు ఇంటర్నెట్ సెంటరు ఉండేది. పదో తరగతి ఫలితాల రోజున, ఒక బ్రౌజర్‌లో పాసైన పిల్లలు మిగతా మూడింటిలోనూ పాసయ్యేదాకా గోళ్ళు కొరుక్కుంటూ నిలబడేవారు.

"అన్నిట్ల గదే పేజీ గద బావా?" అనేవాణ్ణి.

"చీరె కొనేటప్పుడు తిప్పి చూడవా? నూలుకు పట్టు అంచు ఎట్ల కలిపిండ్రో చూడవా? గిదీ గంతే. ఒకటి జల్ది ఉరుకుతది, ఒకటి మన ఎన్క తిరిగే యాడ్లను ఆపుతది. పద్ధతి ప్రకారం రాసిన సైటైతే అన్నిట్ల ఒక్కతీరుగ రావాలె. రాలేదంటే రాసినోడు సగం పనిచేసి పండుకున్నడన్నట్టు."

బావ భార్య, మా సరితక్క ఊరుకునేది కాదు. "అన్నం గూడ నాలుగు పొయ్యిల మీద వండాల్నా? ఏ పొయ్యి మీద మంచిగుడికిందో చూస్తవు!"

"మనకు రెండే ఉన్నయి గద," అని బావ నిజంగానే దిగులుపడేవాడు.

ఓసారి అందరం బీచుపల్లి ఆంజనేయుడి దర్శనానికి బయలుదేరాం. బావ బస్సు టైము నాలుగింటిలోనూ చూశాడు. నాలుగూ ఒకే టైము చెప్పాయి. అప్పటికే ఆ బస్సు వెళ్ళిపోయింది.

వనపర్తిలో మా పిన్ని కూతురికి సంబంధం చూడబోతే, బావ పెళ్ళికొడుకును జీతం అడగలేదు.

"పాస్‌వర్డులు బ్రౌజర్ల దాస్తవా బాబూ?"

"దాస్తానండి."

"కంప్యూటర్‌కు తాళం?"

"లేదండి."

బావ నా చెవిలో, "పిల్లగాడు మంచోడే గని, ఇల్లు తెరిచిపెట్టి పండుకునే రకం," అన్నాడు.

అలాంటి బావ దగ్గరికి ఓ సాయంత్రం నేతగాడు మాసయ్య వచ్చాడు. హైదరాబాద్ చేనేత ప్రదర్శనలో స్టాలు కోసం దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. అమ్ముడుపోని చీరలు ఇంట్లో పేరుకుపోయి ఉన్నాయి. స్టాలు రాకపోతే మగ్గం ఆపేసి కూలికి పోతానని అప్పటికే అందరికీ చెప్పాడు.

ఫారంలో 'ఫొటో' అని ఉన్నచోట మాసయ్య తానే ఫోనులోంచి ఒకటి ఎక్కించాడు. తెర మీద మాసయ్య పేరు పక్కన చీర వెనక వైపు ప్రత్యక్షమైంది. నేతగాడి పనితనం అంచు కలిపిన చోటే తెలుస్తుంది కదా అని దాన్నే ఫొటో తీసి తెచ్చాడు. ఫారం అడిగింది మనిషి ముఖం.

వెనక నిలబడ్డ శివకుమార్, ఆయనా నేతగాడే, పకపకా నవ్వాడు. "మాసన్నా, మూతికి జరీ అంచు ఎప్పుడు పెట్టిచ్చుకున్నవే?"

సెంటరంతా ఘొల్లుమంది. మాసయ్య ముఖం ఎర్రబడింది. లేచి తువ్వాలు దులిపాడు. "నాకొద్దీ స్టాలు. సదువురానోనికి ఏం స్టాలు!"

"కూసో మాసన్నా!" బావ గద్దించాడు. "నువ్వు సరిగనే ఎక్కిచ్చినవ్. ఈ బ్రౌజర్‌కు ఫొటోలు తారుమారు చేసే రోగమున్నది. అందుకే నాలుగు పెట్టుకున్న. శివా, నవ్వుడు బంద్ జెయ్!"

ఇంకో బ్రౌజర్ తెరిచి, అక్కడే మాసయ్య ముఖం ఫొటో తీశాడు. "ఇప్పుడు నువ్వే ఎక్కియ్యి," అని కుర్చీ దగ్గరికి లాగాడు. మాసయ్య ఎక్కించాడు. దరఖాస్తు వెళ్ళింది.

అందరూ పోయాక అడిగాను. "ఏ బ్రౌజర్‌కైనా గట్లాంటి రోగముంటదా బావా?"

"ఉండదు."

"మరి?"

"నలుగురి ముందట నవ్వులపాలైనోడు మల్ల కంప్యూటర్ ముందట కూసుంటడారా? బ్రౌజర్‌దేముంది, దానికి పరువా పాడా!"

ఎవరైనా తడబడిన ప్రతిసారీ బావ ఎందుకు బ్రౌజర్‌ను తిట్టుకుంటూ రెండోది తెరిచేవాడో అప్పుడు అర్థమైంది.

మాసయ్యకు స్టాలు దొరికింది, చీరలు అమ్ముడుపోయాయి, మగ్గం ఆగలేదు.

బావ కాలం చేశాక సెంటర్‌లో నేను కూర్చుంటున్నాను. మొన్న అలివేలమ్మ అనే ఆవిడ దరఖాస్తు పెట్టుకోవడానికి వస్తే, పక్కనే ఉన్న మాసయ్య పెద్దమనిషి తరహాలో హెచ్చరించాడు. "జర పైలం అక్కా. ఒక బ్రౌజర్ ఉంటది, మనిషి మొఖం తీసి చీరె పెడ్తది. నాకట్లనే జేసింది."

ఆమె నమ్మలేనట్టు నావైపు చూసింది.

"ఔనమ్మా," అన్నాను. "గద్వాల చీరెలంటే దానికి పానం."