ఓబులేసన్న చేనులో ఎర్ర బాణం

వజ్రకరూరు వెళ్లేవారికి ముందే చెబుతున్నాను: తొలకరి పడ్డాక అడగకుండా ఎవరి చేనులోకీ దిగకండి. ఈ మాట చెప్పే అర్హత నాకు లేదు. అందుకే ఈ ప్రయాణం.

నాదొక చిన్న యూట్యూబ్ చానల్. మొన్న తొలి వాన తర్వాత, వజ్రాలు వెతికే జనాన్ని చూద్దామని వెళ్లి, ఓబులేసన్న అనే రైతుతో వీడియో చేశాను. "ముప్పై ఏండ్లుగా దున్నుతాండా, ఒక్క వజ్రమూ దొరకలేదప్పా" అన్నాడు అందులో. ఆ మాట థంబ్‌నెయిల్ మీద, అంటే వీడియోకు ముందు కనిపించే బొమ్మ మీద, పెడితే ఎవరు నొక్కుతారు? నోరు బాగా తెరవమని ఆయన్ను బతిమాలి ఫొటో తీశాను. వెనక చేనులో కోడిగుడ్డంత మెరిసే రాయి అతికించి, దానికి ఎర్ర బాణం పెట్టాను. ఎన్నడూ లేనంతమంది చూశారని మురిసిపోయాను. వాళ్లలో చాలామంది చూసింది ఆ బొమ్మ ఒక్కటే.

నిన్న ఆయన ఫోన్ చేశాడు. "ఒకతూరి వచ్చి చూసి పోప్పా" అన్నాడు, అంతే.

ఉదయం ఆరున్నరకు అనంతపురంలో బస్సెక్కి ఎనిమిదికి ఉరవకొండలో దిగాను. ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలు. సగమే తినగలిగాను. అక్కడి నుంచి వజ్రకరూరుకు ఆటో, తర్వాత చేను దాకా మైలు నడక.

నా బొమ్మ చూసి వజ్రం కోసం వచ్చినవాళ్లు చేనంతా తొక్కేశారు. మొలకెత్తిన వేరుశనగ మట్టిలో కలిసిపోయింది, అక్కడక్కడా గుంతలు. ఓబులేసన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తిడితే బాగుండేది, తిట్టలేదు.

"మల్లా ఏద్దామన్నా, ఇత్తనం నేను తెస్తా" అన్నాను.

"ఇత్తనం నువ్వు తెస్తావు. పదను ఎవరు తెస్తారప్పా? వాన పోయి పది దినాలాయ, నేలెండిపాయ."

ఆయన భార్య మజ్జిగ తెచ్చిచ్చింది. "మా ఆయప్ప అంత నోరు తెరిచింది ఏపొద్దూ చూడలేదు నేను" అంది. నవ్వబోయి తల దించుకున్నాను. ఆ గట్టు మీదే వీడియో తొలగించాను. చాలా సిగ్గేసింది.

రెండున్నరకు తిరుగు బస్సు. పక్క సీటులో గుమ్మఘట్ట నుంచి వచ్చిన ఒకామె, పొద్దుటి నుంచి ఎండలో వెతికి అలసిపోయి ఉంది. ఫోన్ నా ముందు పెట్టింది. ఎవరో వాట్సాప్‌లో పంపిన నా బొమ్మే, బాణంతో సహా.

"ఈ చేను యాడుండాదో తెలుసా అన్నా?"

"అది నేను చేసిన బొమ్మక్కా. ఆ రాయి నేనే అతికించినా. ఆడ ఏమీ లేదు."

నన్ను ఎగాదిగా చూసి ఫోన్ సంచిలో పెట్టుకుంది. "దొరికినోళ్లంతా ఇట్లే చెప్తారు లేన్నా" అంది.

ఉరవకొండలో దిగుతూ కండక్టరును అడిగింది, రేపు వజ్రకరూరుకు మొదటి బస్సు ఎన్నింటికని.