పడవకి పసుపు

2018 వానాకాలం. ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో మా ఫ్రేముల దుకాణానికి వచ్చే పనంతా ఒకటే తరహా: డిగ్రీలు పుచ్చుకున్న పిల్లల ఫొటోలు, లేదంటే దేవుడి పటాలు. కట్టీ కట్టీ విసుగెత్తిపోయింది. అలాంటప్పుడు అప్పలనర్సమ్మగారు పాత చీరలో చుట్టి ఒక బొమ్మ తెచ్చారు.

దళసరి కాగితం మీద భీమిలి రేవు. పడవ కడుతున్నారు. కట్టేవాళ్లకి ముఖాల్లేవు, అందరూ త్రికోణాలే. చెక్కలు నల్లటి అడ్డగీతలు, సముద్రం ఒక్క నీలం పట్టీ. అయినా చూడగానే, చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో పడవ చెక్కల సందుల్లో కూరే కొబ్బరి పీచు వాసన గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. వేసింది ఆవిడ భర్తట. రైలు పెట్టెలకి రంగులేసే కోచ్ పెయింటర్‌గా చేసి, ముందు ఏడాదే పోయారు.

"క్వార్టర్ ఖాళీ సేత్తన్నాను బాబూ. ఇందా పేటలో కూతురింటికెళ్తన్నాను. పాడవకుండా దీనికి అద్దం ఎయ్యాల," అన్నారు.

చెమ్మకి రంగు పొడిలా రాలుతోంది. మౌంట్, అంటే అద్దం బొమ్మకి అంటుకోకుండా చుట్టూ పెట్టే అట్ట, తప్పనిసరి అన్నాను. పడవ ముక్కు దగ్గర మాసిన పచ్చటి మరక ఒకటుంది. కూరేదో ఒలికిందనుకుని దూది తీశాను.

"ఏటి, తుడిసేత్తావేటి!" ఆవిడ నా చెయ్యి పట్టేసుకున్నారు. "అది నానెట్టిన పసుపు."

మా వైపు కొత్త పడవ నీళ్లలోకి దిగే ముందు ఇంటి ఆడవాళ్లు ముక్కుకి పసుపు రాస్తారు. బొమ్మ పూర్తయిన రోజు ఈవిడా రాశారట. "ఇది సముద్రంలోకెళ్తాదేటే పిచ్చిదానా అని ఒకటే నవ్వినారు. ఎళ్లకపోతే ఏటి, పడవ పడవే గదా అన్నాను."

వారం తర్వాత ఫ్రేము సిద్ధం చేసి, ఆవిడ ఎదురుగానే అద్దం బిగించబోయాను. ఆవిడ చెంగు ముడి విప్పారు. అందులో పసుపు పొట్లం.

"ఇన్నాళ్లున్న గోడ ఒదిలి కదుల్తంది గదా. మీ ఇంటిదాన్ని పిలు బాబూ, ఆ సేత్తో ఎట్టించు. మొగుడు పోయినదాన్ని, నానెట్టకూడదు."

నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు. "రాలే రంగు మీద అసలు వేలే పడకూడదు, అది నా పని పద్ధతి. అయినా పెట్టాలంటే మొదటి పసుపు పెట్టిన చెయ్యే పెట్టాలి. లేదంటే అద్దం బిగించను, ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి," అన్నాను.

ఆవిడ పొట్లం విప్పారు. వేలు తడిచేసి, పసుపులో ముంచి, పాత మరక మీదే మెల్లగా అద్దారు. తీసేసరికి వేలికి ఆయన నల్లరంగు అంటుకొచ్చింది. ఆవిడ దాన్ని తుడుచుకోలేదు. నాకు కళ్లు నిండిపోయాయి.

అద్దం బిగిస్తే బొమ్మ భద్రమే. కానీ ఇక దాన్ని ఎవరూ తాకలేరు. ఇన్నేళ్లు ఫ్రేములు కట్టినా ఆ సంగతి నాకు తట్టనేలేదు. ఇప్పుడు ఎవరేం తెచ్చినా, డిగ్రీ పట్టా అయినా సరే, బిగించే ముందు వాళ్ల వైపు జరుపుతాను.

"ఎందుకు దాదా?" అంటారు.

"ఒకసారి ముట్టుకోండి."

నవ్వుతారు. నవ్వుతూనే చెయ్యి చాస్తారు.