యూనీస్ కట్టిన ఈగలు

యూనీస్ ఆ పురుగును ఎన్నడూ చూడలేదు. కాడిస్ అంటారని మాత్రం తెలుసు. ఎక్కడో చలిదేశపు వాగుల్లో రాళ్ల కింద పెరిగి, రెక్కలొచ్చాక నీటి మీదికి తేలి, గుడారం వేసినట్టు రెక్కలు మడుచుకుని కూర్చుంటుందట. చేప దాన్ని చూసి నోరు తెరుస్తుందట. ఆ చేపను మోసం చేయడానికి బళ్లారి గాంధీనగర్‌లో, ఒక మేడమీది గదిలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, యూనీస్ గాలపు ముల్లుకు రెక్కలు కడుతుంది. ఈగల్లా ఉండే ఆ ముళ్లను చూసి వీధిలో వాళ్లు ఆ గదికి ఈగల ఫ్యాక్టరీ అని పేరు పెట్టారు.

బల్లకు బిగించిన వైస్ అనే చిన్న ఇనుప పట్టు నోట్లో ముల్లును పట్టించాలి. మైనం రాసిన దారానికి బూరు పేని పొట్ట చుట్టాలి. దాని మీదుగా కోడిపుంజు మెడ ఈకను తిప్పాలి. ఆ పైన చలిదేశపు దుప్పి వెంట్రుకలు చిటికెడు తీసుకుని, కొసలు సమంగా తట్టి, పొట్ట మీద పరిచి దారంతో బిగించాలి. అందరూ ఓడిపోయేది అక్కడే. బిగింపు ఎక్కువైతే వెంట్రుకలు చీపురులా విచ్చుకుంటాయి, తక్కువైతే ఊడి చేతికొస్తాయి. యూనీస్ వేలి కొస నాలుకకు అద్దుకుని, ఈకను వెనక్కి దువ్వి, ఆ తడి ఆరకముందే బిగిస్తుంది. ఆమె కట్టినది నీళ్లలో వేస్తే ఒరగదు, మునగదు.

పక్క కుర్చీలో కూర్చునే మారెక్కకు ఈ వ్యవహారమంతా నవ్వులాట. ఆమె వెంట్రుకలు లేని రకాలు కడుతుంది. "ఆ దేశపోళ్లు పట్టిన చేపని మళ్ల నీళ్లలోకే ఇడ్సేస్తారంట యూనీసమ్మా. తినేది లేదు, అమ్మేది లేదు. దానికి ఇంత సింగారం బేకా?"

"వాళ్లు తిన్యారనుకో, చేపలు అయిపోతాయి. మనకి పనుండదు. సుమ్నే, మాట్లాడకుండా కట్టు," అనేది యూనీస్.

అంతకుముందు ఆమె జీన్స్ ఫ్యాక్టరీలో ఓవర్‌లాక్ మిషన్ తొక్కింది. గుడ్డ అంచులు కోసుకుంటూ కుట్టే మిషన్ అది. లేచిన నీలం నూగు గాలిలోనే తేలుతుండేది. ఆ నూగు ఏళ్ల తరబడి ఆమె ఛాతీలోకి పోయింది. ఉదయం దగ్గితే కఫం నీలంగా పడేది. డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే తీయించి చూసి, "ఆ గాలి మళ్లీ పీల్చావంటే నా దగ్గరికి వచ్చినా నేను చేసేదేమీ ఉండదమ్మా" అన్నాడు. అప్పటికే భర్త టైటస్ మంచం మీదున్నాడు. దోణిమలై గని నుంచి అతను ఖనిజం తెస్తున్న లారీ బోల్తాపడి అతని తుంటి విరిగింది.

ఆ స్థితిలో దొరికింది ఈ కుర్చీ. యజమాని గోపీకృష్ణ సిరుగుప్ప దగ్గర కాలువ కింద వరి పండించే కోస్తా కుటుంబంలోవాడు. వరి విసుగెత్తి ఈ వింత వ్యాపారంలోకి దిగాడు. ఈకల మీద దుమ్ము పడకూడదని గదికి అద్దాల కిటికీలు పెట్టించాడు, రోజూ తడిగుడ్డతో నేల తుడిపించేవాడు. ఆ గదిలో కూర్చోవడం మొదలుపెట్టాక యూనీస్ దగ్గు ఆగిపోయింది. మందులతో ఆగలేదు. ఈకల కోసం కాపాడిన గాలి ఆమెకు కూడా దొరికింది, అంతే. ఈ ఊళ్లో మనిషి ఊపిరి కోసం ఎవరూ నేల తుడిపించలేదు.

అందుకే ఆ కుర్చీ పోతుందేమోనని ఆమెకు అంత భయం.

కిందటిసారి విదేశాలకు పంపిన సరుకు, కొన్నవాళ్ల దగ్గరినుంచి తిరిగొచ్చింది. కొత్తగా చేరినవాళ్లు కట్టిన కాడిస్‌లు నీళ్లలో విచ్చుకుని మునిగాయట. గోపీకృష్ణ ఆ కొత్తవాళ్లను పంపేసి, యూనీస్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంకొక్కసారి చూస్తామన్నారమ్మా. లేత రంగు కాడిస్, అన్నీ ఒకే రంగులో ఉండాలి. మొత్తం మీరే కట్టండి. ఇవి కూడా వెనక్కొస్తే వెంట్రుకల పని ఆపేస్తాను. ఈ కుర్చీ ఉండదు."

చేతులకు పసుపు ఉండకూడదు, గోరింటాకు ఉండకూడదు, తలనూనె తగలకూడదు అని అతను రోజూ చెప్పేవాడు. నీలం సంగతి చెప్పలేదు. అతనికే తట్టలేదు. బళ్లారిలో సగం ఇళ్లలో వేళ్లు నీలంగానే ఉంటాయి. ఇక్కడ అది మరకలా కనిపించదు, చర్మం రంగులాగే కనిపిస్తుంది.

టైటస్ మంచం మీదే కూర్చుని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జీన్స్ ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించేవాడు. ఉదయం యూనీస్ మూతికి గుడ్డ కట్టుకుని వాటిని మూటలు కట్టి, ఆటో వచ్చేసరికి గుమ్మంలో పెట్టి, చేతులు సబ్బుతో రుద్ది పనికి వచ్చేది. అయినా గోటి అంచుల్లో, వేలికొసల పగుళ్లలో నీలం మిగిలేది. నాలుక తడి తగిలినప్పుడల్లా అది కొంచెం కొంచెం కరిగి బయటికొచ్చేది. ముదురు రంగు ఈకల మీద అది ఎప్పుడూ కనిపించలేదు.

కట్టడం ముగిసింది శనివారం. పెట్టెను కిటికీ దగ్గర పెట్టి మూత తీసినప్పుడు మారెక్క వంగి చూసింది.

"ఇదేంది యూనీసమ్మా, దీని రెక్క మొదట్లో నల్లగుండాది?"

"నీడ పడింటాది."

"నీడ గాదు. నీలం." మారెక్క ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "ఇదో, ఈడుండాది నీ నీలం."

యూనీస్ ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పట్టింది. కొన్నిటికి ఏమీ లేదు. కొన్నిటికి మాత్రం, ఈక మొదలంటా, లేత మీగడ రంగు మీద సిరా ఊరినట్టు నీలం.

"సార్‌కి చెప్పు," అంది మారెక్క. "ఆయప్ప మంచోడే."

"మంచోడే. మంచోడే కదా ఆ కొత్తోళ్లని కూడా పంపించింది." యూనీస్ పెట్టె మూసి సంచిలో పెట్టుకుంది. "సోమవారం దాంకా నోరు ఇప్పాకు మారెక్కా. నీ కాళ్లు మొక్కుతా."

"కాళ్లెందుకులే తల్లీ. నేనేం జూడలే."

ఆదివారం గుడిలో పాస్టర్ ఏం చెప్పాడో ఆమెకు తెలియదు. ఆరాధన కాగానే, అందరూ గుమ్మంలో పలకరించుకుంటుండగా, ఆటో ఎక్కి ఊరి బయటి జీన్స్ వాషింగ్ యూనిట్‌కు పోయింది. పాత ఫ్యాక్టరీలో తనతో పనిచేసిన గాళెప్ప ఇప్పుడు అక్కడ తొట్ల దగ్గర ఉంటున్నాడు. కొత్త ప్యాంటును పాతదానిలా తెల్లబరచడమే అతని పని.

"ఏనక్కా, ఈ పక్కకి వస్తివి? గుడి బిట్టు నా దగ్గరకొచ్చినావు, దేవుడు కోపం జేసుకోడా?"

"నీలం పోవల్ల గాళెప్పా. ఏం ఏస్తారు మీరు?"

పెట్టె తెరిచి చూపించింది. అతను ఒకటి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది పురుగా?"

"పురుగు మాదిరి."

"ప్యాంటుకు ప్యాంటే తెల్లగయితాది. ఇదేం లెక్క?" తొట్టి పక్కనున్న డబ్బాలోంచి బ్లీచ్ నీళ్లు సీసాలోకి వంచాడు. "నీళ్లు బాగా కలుపు. శానాసేపు ఉంచాకు."

"ఎంటికలకి ఏమన్నా అయితాదా?"

"నాకేం గొత్తు? ఇదో, నా కాళ్లు సూడు. ఒక ఎంటికన్నా ఉండాదా?" లుంగీ ఎత్తి పిక్కలు చూపించి పకపకా నవ్వాడు.

యూనీస్ కూడా నవ్వింది. ఆ పిక్కలు ఆమెకు చెప్పవలసినదంతా చెప్పాయి. కానీ ఆమె అప్పుడు వినే స్థితిలో లేదు. నీటిలో కొట్టుకుపోతున్న మనిషికి ఒడ్డు మీదివాళ్ల మాటలు ఎంత వినపడతాయో, అంతే వినపడ్డాయి.

ఇంట్లో పళ్లెంలో నీళ్లు పోసి, సీసా వంచి, నీలం పట్టినవాటిని ముందుగా వదిలింది. చూస్తుండగానే నీలం పసుపుగా మారి, ఆ పసుపు కూడా కరిగిపోయింది. ఆరబెట్టాక అవి మిగతావాటికంటే తెల్లగా ఉన్నాయి. పక్కపక్కన పెడితే రెండు రకాల సరుకులా ఉంది. అన్నీ ఒకే రంగులో ఉండాలి. ఆ మాట చెవిలో మోగుతుంటే, మచ్చలేనివాటిని కూడా తీసి పళ్లెంలో వేసింది.

టైటస్ మంచం మీదినుంచి మెడ సాచాడు. "ఏందే, ఈగలకి బాప్తిస్మం ఇస్తాండావా?"

"నవ్వియ్యాకు."

"పాస్టర్‌గారు లేకుండా ఇస్తే చెల్లదు."

"చెల్లుతాదిలే. నువ్వు మూస్కో."

కిటికీలో గుడ్డ పరిచి ఆరబోసింది. అన్నీ ఒకటే తెలుపు. ఆ పూట ఆమె కడుపునిండా తింది. టైటస్‌కు కూడా ఇంకొంచెం వడ్డించింది.

సోమవారం గోపీకృష్ణ పెట్టె తెరిచి, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాడు. తరువాత ముఖం విప్పారింది. "వాళ్లు పంపిన నమూనా కంటే బాగున్నాయమ్మా. ఇంత సమంగా నేనెప్పుడూ చూడలేదు."

గాజు గిన్నెలో నీళ్లు పోసి ఒకటి వదిలాడు. తేలింది. ఇంకొకటి వదిలాడు. అదీ తేలింది. మారెక్క యూనీస్ వైపు చూసి కన్ను గీటింది. యూనీస్ కుర్చీ అంచు వదిలి వెనక్కి ఆనుకుంది.

అతను తేలుతున్నదాన్ని తీసి, రెక్కను రెండు వేళ్లతో పట్టి లాగాడు. ఎప్పుడూ చేసే పరీక్షే. రెక్క ఎండు సేమ్యాలా పుటుక్కున విరిగింది. ఇంకొకటి తీశాడు. అదీ విరిగింది. మూడోదానికి ఈక రాలి, దారం కింద ముల్లు ఎర్రగా తుప్పు పట్టి కనిపించింది. అతను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బ్లీచ్‌లో వేశారా?"

"నీలం పట్టింటే సార్... కడిగినా."

"అన్నిటికీ పట్టిందా?"

"కొన్నిటికే."

"కొన్నిటికే అయితే అవి తీసేసి మిగతావి పంపేవాళ్లం కదమ్మా. తక్కువైనా తీసుకునేవాళ్లు. అన్నీ ఎందుకు వేశారు?"

"అన్నీ ఒకే రంగుండాలంటిరి కదా సార్."

అతను విరిగిన ముక్కలను పెట్టెలో వేసి మూత పెట్టాడు. మారెక్క తల దించుకుని, కట్టని ముల్లుకు దారం చుడుతోంది.

"మళ్ల కడతా సార్. ఇంటికి పోకుండా ఈడనే కూసోని కడతా. మా ఇంటాయన ప్యాంట్ల పని మాన్పిస్తా. చేతులకి సున్నం రుద్దుకుంటా."

"దేంతో కడతారు? వెంట్రుకలున్న దుప్పి తోలు మొత్తం అయిపోయింది. ఆ వెంట్రుకలు మళ్లీ అక్కడినుంచి రావాలి. సాయంత్రం కొరియర్‌వాడు వస్తాడు. వాడికి నేనేం ఇవ్వాలి?"

అతను అరవలేదు. అరిచి ఉంటే ఆమె కూడా ఏడ్చేది, అతని కోపం దిగేది, ఏదో ఒక సందు దొరికేదేమో. అతను మెత్తగానే బల్ల పక్కకు వచ్చి, వైస్ అడుగున మరను తిప్పి దాన్ని బల్ల నుంచి ఊడదీయడం మొదలుపెట్టాడు. యూనీస్ వైస్ కాడను పట్టుకుంది. కాసేపు ఇద్దరూ దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డారు. చివరికి ఆమె వేళ్లే వదిలాయి.

"మారెక్క చేసే రకం నేర్చుకుంటా సార్."

"ఆ పనికి మారెక్క ఒక్కతే ఎక్కువమ్మా."

మారెక్క మెట్ల దాకా వచ్చింది. చెంగుతో మూతి తుడుచుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఆమెకు తన కుర్చీ కావాలి. తప్పు పట్టడానికేముంది.

తరువాత యూనీస్ తిరగని చోటు లేదు. బడిలో ఆయా పని అడిగింది. మిషన్ ఆసుపత్రిలో ఊడ్చే పని అడిగింది. అన్నిచోట్లా మనుషులు నిండుగా ఉన్నారు. ఈ ఊళ్లో ఎప్పుడూ ఖాళీగా ఉండేవి జీన్స్ మిషన్ల ముందు కుర్చీలే. అవి ఎందుకు ఖాళీ అవుతాయో ఎవరూ అడగరు.

వేరే ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్‌వైజర్ ఆమెను పైనుంచి కిందకు చూశాడు. లోపల మిషన్ల రొద. తలుపు తెరిచినప్పుడల్లా నీలం నూగు వెలుతుర్లో తేలుతూ బయటికి వస్తోంది.

"ఓవర్‌లాక్ వస్తాదా?"

"వస్తాది."

"దగ్గు గిగ్గు ఏమన్నా ఉండాదా? మధ్యలో లేసిపోతాండారు మీ ఆడోళ్లు, అదే గలాటె."

గొంతులో దురద అప్పుడే మొదలైంది. యూనీస్ దాన్ని మింగి, నోరు మూసుకుని, లేదన్నట్టు తల ఊపింది.

"సరే, పో లోపలికి. ఆ మూల ఖాళీ ఉండాది."