వదిన సగంలో ఆపేసిన స్వెట్టర్

మా వదిన అల్లుతున్న పసుపుపచ్చ స్వెట్టర్ దానంతట అది తెగలేదు, నేనే కోశాను. ఈ ఒక్క ముక్క ఇంతకాలం నా నోట రాలేదు. పోయిన చలికాలం జగిత్యాలలో మా అన్న బిడ్డ ఇంటికి వెళ్ళకపోయి ఉంటే ఇప్పటికీ వచ్చేది కాదేమో. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. ఫోన్‌లో వీడియో పెట్టుకుని, పుట్టబోయే పసికందు కోసం ఊలుతో ఏదో అల్లుకుంటూ కూర్చుంది. తోడుండడానికి వచ్చిన మా వదిన వంటింట్లోంచి అది చూసి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని వచ్చి ఊలు లాగేసుకుంది.

"వద్దు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత. గది మనకు అచ్చిరాదు."

"ఊలు ఏం జేస్తదే మమ్మీ! కాకా, నువ్వన్న చెప్పరాదు," అని పిల్ల నా వైపు చూసి నవ్వింది. వదిన నవ్వలేదు. ఆమె ముఖంలోని భయాన్ని నేను గుర్తుపట్టాను, అది నేను పెట్టిన భయమే.

ఈ పిల్ల ఇంకా తల్లి కడుపులో ఉన్నప్పుడు మేము సిరిసిల్లలో ఉండేవాళ్ళం. అన్న దుబాయిలో ఉన్నాడు, నేను మేనమామ షెడ్డులో సాంచాలు నడిపేవాణ్ణి. మరమగ్గాలను మా వైపు అలాగే అంటాం. కోరుట్ల నుంచి కోడలిగా వచ్చిన వదిన తనతో పాటు ఊలు అల్లే పనిని తెచ్చుకుంది. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చలికాలం పొద్దున ఎండలో కూర్చుని ఒళ్ళో ఊలు ఉండ వేసుకుని అల్లేవాళ్ళు ఊరికి కొందరైనా ఉండేవాళ్ళు. వదిన దగ్గర రెండు సలాయిలు, అంటే అల్లిక సూదులు, ఉండేవి. ముందు ఒక సలాయి మీద కుట్లు ఎక్కించేది. సలాయిని కుట్టులోకి ముందు నుంచి గుచ్చి, వెనక ఉన్న ఊలును ఇవతలికి లాగితే సీదా. ఊలును ముందుకు తెచ్చుకుని, వెనక నుంచి గుచ్చి అవతలికి తోస్తే ఉల్టా. అంచుకు ఒక సీదా, ఒక ఉల్టా మార్చి మార్చి అల్లితే ఆ పట్టీ సాగినా మళ్ళీ దగ్గరికి వచ్చి నడుమును పట్టుకుంటుందని చెప్పేది. చంక దగ్గర రెండేసి కుట్లను ఒకటిగా కలిపి తగ్గించేది. వీపు, ఛాతీ, చేతులు వేరువేరుగా అల్లి చివరికి పెద్ద సూదితో కుట్టాలట. నేను వింతగా చూస్తుంటే ఆటపట్టించేది.

"మీ సాంచ తాన్లకు తాన్లు నేస్తది గని తమ్మీ, గింత చిన్న చెయ్యి దూరే అంగి నేస్తదా?"

ఆ చిన్న చెయ్యి ఆమె కడుపులో ఉన్న బిడ్డది. మా ఇళ్ళల్లో పుట్టకముందే బిడ్డకు బట్టలు తయారు చెయ్యరు. అమ్మ వద్దని ఎంత చెప్పినా వదిన నవ్వేసి అల్లుతూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలు ఆగితే ఇంటికి వచ్చాను. మంచం మీద స్వెట్టర్ ముందు భాగం పరిచి ఉంది, మంచం మేకుకు తగులుకుని ఒక పోగు బయటికి వేలాడుతోంది. సాంచ మీంచి దిగిన గుడ్డలో పోగు వేలాడితే కత్తిరించడం మా పని, జేబులో చిన్న కత్తెర ఎప్పుడూ ఉండేది. ఆలోచించకుండా కత్తిరించాను. నేసిన గుడ్డలో నిలువు పోగులూ అడ్డం పోగులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకటి తెగినా గుడ్డ నిలుస్తుంది. అల్లికలో ఒకే దారం పోతుందని, ఒక కుట్టు ఇంకో కుట్టును పట్టుకుని ఉంటుందని నాకు తెలియదు. ముడి వేద్దామని రెండు కొసలూ లాగాను, అందలేదు, లాగినకొద్దీ కింది కుట్లు జారిపోయి అరచెయ్యంత రంధ్రం పడింది. దాన్ని మడిచి ఊలు ఉండ కింద పెట్టి, కరెంటు లేని షెడ్డుకే మళ్ళీ పోయి ఆగిపోయిన సాంచాల మధ్య కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ గొంతు వీధిలోకే వినిపించింది.

"ముందుగాల అంగీలు అల్లద్దని మొత్తుకుంటి. ఇన్నవా? ఎవ్వలు ముట్టకుండనే తెగింది సూడు!"

వదిన గోడకు ఆనుకుని కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. అప్పుడే చెప్పాల్సింది. అమ్మ తిడుతుందని, దుబాయిలో అన్నకు తెలుస్తుందని నోరు మెదపలేదు. రేపు చెబుదాం అనుకున్నాను, రోజులు గడిచినకొద్దీ చెప్పడం మరింత భయమైంది. బిడ్డ కాసేపు కదలకపోతే వదిన అన్నం ముందు నుంచి లేచిపోయేది. బిడ్డ క్షేమంగా పుడితే వేములవాడ రాజన్న గుడిలో కోడెను కట్టేస్తానని మొక్కుకుంది. ఆమె భయం చూసి చూసి నాకూ భయం పట్టుకుంది; నిజంగానే ఏమైనా అయితే, ఆ కత్తెర పట్టింది నేనే కదా అని అన్నం సయించేది కాదు.

కాన్పుకు పుట్టింటికి నేనే తీసుకెళ్ళాను. కోరుట్ల బస్సులో నా వైపు తిరిగి అడిగింది.

"నూలు పని చేసేటోనివి గదా తమ్మీ. మంచి ఊలు దానంతల అదే తెగుతదా?"

"ఏమో వదినా, తెగుతదేమో," అన్నాను.

ఆడబిడ్డ పుట్టింది, ఇద్దరూ బాగున్నారని కబురు వచ్చినప్పుడు సాంచ వెనక నిలబడి ఏడ్చాను. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. వదిన మాత్రం మళ్ళీ సలాయిలు ముట్టలేదు. పిల్లకు జ్వరం వచ్చినప్పుడల్లా ఆ తెగిన స్వెట్టరే తలుచుకునేది. ఇప్పుడు జగిత్యాల రోడ్ల మీద తోపుడు బండ్ల నిండా జాకెట్లు వేలాడుతున్నాయి, మా వాడలో ఊలు అల్లే చేతులే లేవు. అన్నీ మారినా ఆ భయం మాత్రం మారకుండా తల్లి నుంచి బిడ్డ దాకా నడిచి వచ్చింది.

పిల్ల ఇంట్లో ఆ రోజు వదిన చేతిలోంచి ఊలు తీసుకుని పిల్లకు ఇచ్చేసి, ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను.

"వదినా, గప్పుడు గా స్వెట్టర్ దానంతల అదే తెగలే. నేనే కోసిన."

ఆమె చేతిలోని గరిటె కింద పెట్టింది.

"బస్సుల అడిగితి గదా తమ్మీ," అంది.

"అడిగినవ్. కోసుడు తెల్వక కోసిన, నోరు మూసుకునుడు మాత్రం తెలిసే మూసుకున్న. నన్ను మాఫ్ చెయ్యి వదినా."